బల్బులు తుడిచిన రోజు

ఫోనులో ఆ పిల్ల ఒకే ఒక్క మాట అడిగింది:
"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?
నేను ఫ్లూట్ వాయిస్తాను. ఊపిరే నా పనిముట్టు."
స్తానా నా వైపు చూసింది.
నా వేళ్ళ మధ్య సగం కాలిన సిగరెట్టు.
"తాగేవాళ్ళం" అంది ఫోనులోకి,
భూతకాలాన్ని అంత తేలిగ్గా వాడేసి.

ఆదివారం వస్తుంది తియానా, గది చూసుకోవడానికి.
ఇవాళ బుధవారం.
ముప్ఫై ఒక్కేళ్ళ పొగకి నాలుగు రోజుల గడువు.

బెల్‌గ్రేడ్‌లో ఆరో అంతస్తు మాది.
కిటికీ తెరిస్తే నది కనపడదు,
నది చలి మాత్రం అడక్కుండా లోపలికొస్తుంది.
అదృష్టం, కొషావా మొదలైంది.
ఆ గాలి పట్టుకుంటే మూడు రోజులు, కాదంటే ఏడు,
మా అమ్మ లెక్క అది.
ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి
మఫ్లర్లు చుట్టుకుని కూచున్నాం,
సొంత ఇంట్లో బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళలా.

పరదాలు టబ్బులో నానేశాం.
నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.
రెండోసారీ టీయే. మూడోసారి పల్చటి టీ.
"ఇది మనం పీల్చి వదిలింది, వెలిబోర్.
పీల్చి ఉంచుకున్నది వేరే ఉంది."
నేను సబ్బు తేవడానికి వెళ్ళాను.

తివాచీ మీద వంటసోడా చల్లి రాత్రంతా వదిలేశాం.
ఇంట్లో మంచు కురిసినట్టు.
పొద్దున చూస్తే దాని మీద నా అడుగులు,
బాల్కనీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవి.
స్తానా ఏమీ అనలేదు.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనే చూపు
ఒకటుంది ఆవిడ దగ్గర. అది వాడింది.

మూలమూలకీ వెనిగర్ గిన్నెలు.
గోడ మీద పెళ్ళిఫొటో దించితే
దాని వెనక నలుచదరంగా తెలుపు,
మేం తాళాలు తీసుకున్న నాటి తెలుపు.
ఇన్నాళ్ళూ మా గోడలది మీగడ రంగనుకున్నాను.

ఇక నా వంతు.
నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దింది.
చూపుడువేలి పసుపు పోలేదు, మంట మాత్రం వచ్చింది.
మీసం రెండుసార్లు కడిగాను,
వాసన అక్కడే కాపురం పెడుతుందట.
పార్స్లీ నమిలాను మేకలా.
కోటు బాల్కనీలో వేలాడదీస్తే
రాత్రంతా గాలిలో చేతులూపింది,
వెళ్ళిపోతున్న ఎవరినో ఆగమంటున్నట్టు.

శనివారం సాయంత్రం
స్తానా కుర్చీ ఎక్కి బల్బులు తుడిచింది.
తడిగుడ్డకి గోధుమరంగు జిగురు.
నేను స్విచ్చి వేశాను.

ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు మాకు.
ఆవిడ కుర్చీ మీద, నేను గోడ దగ్గర.
మెడ మీద అన్ని గీతలు ఎప్పుడొచ్చాయి ఆవిడకి?
"నీ చెంప మీద ఆ మచ్చ ఎప్పటిది?" అంది ఆవిడ.
ఏమో.
కాసేపు అలాగే నిలబడ్డాం,
పరిచయం చేసేవాళ్ళు ఇంకా రానట్టు.
తర్వాత చెయ్యి పట్టుకుని దించాను.
దిగేటప్పుడు నా భుజం వాసన చూసి
"ఫరవాలేదు" అంది.

ఆదివారం.
తియానా గుమ్మంలోనే గట్టిగా గాలి పీల్చింది.
మేమిద్దరం పీల్చడం మానేశాం.
"ఊరగాయ పెట్టారా?"
"క్యాబేజీ" అంది స్తానా, కళ్ళార్పకుండా.

ఇప్పుడు ఆరంతస్తులూ దిగి, చెట్టు కింద తాగొస్తాను.
లిఫ్టు ఎక్కను. మూసిన పెట్టె అది,
నా తర్వాత ఎక్కినవాళ్ళందరికీ నా సంగతి చెప్పేస్తుంది.
మెట్ల మీద ప్రతి కిటికీ దగ్గరా ఆగి, కోటు దులిపి,
పైకి చేరేసరికి
తలుపు అవతల ఒకే ముక్కని ఆ పిల్ల
తప్పుతూ, మళ్ళీ మొదలెడుతూ.
అది పూర్తయ్యేదాకా బయటే ఉంటాను.

నిన్న మూడో అంతస్తు దాకా దిగి తిరిగొచ్చాను.
అగ్గిపెట్టె మరిచానని చెప్పాను స్తానాకి.
ఆవిడ నా కోటు తీసి కొక్కేనికి తగిలిస్తుంటే
జేబులో అది గలగలమంది.